ప్రైవేటు సైకోథెరపీ: మొదలుపెట్టే తీరు, ఫీజు నియమాలు

శిక్షణ పొందిన మనిషి దగ్గర నిర్ణీత వేళల్లో కూర్చుని, మాటల ద్వారా మానసిక బాధను తగ్గించుకునే చికిత్స సైకోథెరపీ. ఇది మందులతో పాటు నడవవచ్చు, మందులు లేకుండానూ నడవవచ్చు. థెరపిస్టు సొంత గదిలోనో, కార్పొరేట్ ఆసుపత్రిలోనో, వీడియో కాల్‌లోనో డబ్బు తీసుకుని చేసేటప్పుడు తొలి రోజుల్లోనే కొన్ని సంగతులు తేల్చుకోవలసి ఉంటుంది. సెషన్ ఎంతసేపు, వారానికి ఎన్నిసార్లు, ఫీజు ఎంత, ఎప్పుడు కట్టాలి, రాలేకపోతే ఏమవుతుంది, చెప్పుకున్నవి ఎవరి చెవిన పడతాయి, ఎప్పుడు ఆపవచ్చు. వీటిని చికిత్సకు ముందు గడవాల్సిన కాగితాల పనిగా చూసేవారే ఎక్కువ. చికిత్సలో ఇవీ భాగమే. ఇంట్లో, ఆఫీసులో తన మాటకు విలువ లేదని కుమిలిపోతూ వచ్చిన మనిషికి, ఇక్కడ తనకూ కొన్ని హక్కులున్నాయని మొదట తెలిసేది ఈ నియమాల వల్లనే.

మన దగ్గర ఈ స్పష్టత మరీ అవసరం, ఎందుకంటే మనకు అలవాటైన డాక్టరు పద్ధతి వేరు. ఓపీ చీటీ రాయించుకుంటాం, వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చుంటాం, కాసేపట్లో చూపించుకుని మందుల చీటీతో బయటపడతాం. వారంలోపు మళ్లీ వెళ్తే చాలాచోట్ల ఫీజు అడగరు. సైకోథెరపీలో ప్రతి సెషన్‌కూ ఫీజు ఉంటుంది, చేతికి మందుల చీటీ రాదు, ఒక్కసారితో పని తీరదు. ఇది ముందుగా చెప్పకపోతే రెండో వారానికే ఇంట్లో "ఉత్తినే మాట్లాడినందుకు ఇంత డబ్బా?" అన్న ప్రశ్న లేస్తుంది. దానికి జవాబు చెప్పలేక మానేసేవారు ఎందరో.

నియమాలు పుట్టిన చోటు

నేటి నియమాల్లో చాలావాటి మూలం వియన్నాలో ఉంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1913లో చికిత్సను ఎలా మొదలుపెట్టాలన్న దాని మీద ఒక వ్యాసం రాశాడు. మనసు లోతుల గురించి అంత రాసిన మనిషి అందులో గంటల గురించి, డబ్బు గురించి తోటి వైద్యులతో దాపరికం లేకుండా మాట్లాడాడు. తన రోజులో ఒక్కో గంటను ఒక్కో రోగికి కేటాయిస్తాడు. ఆ గంట ఆ రోగిదే. వచ్చినా రాకపోయినా దానికి డబ్బు కట్టాల్సిందే. సంగీతమో భాషో నేర్పే మాస్టారి దగ్గర ఈ పద్ధతి మామూలేనని, వైద్యుడు పాటిస్తే మాత్రం కఠినంగా కనిపిస్తుందని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా సడలించలేదు. సడలించిన చోట అప్పుడప్పుడూ మానేయడం పెరిగిందని, చికిత్స సరిగ్గా బరువెక్కే సమయంలోనే ఏదో ఒక అడ్డంకి వచ్చిపడేదని ఆయన అనుభవం.

అదే వ్యాసంలో ఇప్పటికీ పనికొచ్చే మాటలు మరో రెండు ఉన్నాయి. మొదటి ఒకటి రెండు వారాలను పరీక్షా కాలంగా పెట్టుకోవాలన్నది ఒకటి. ఈ మనిషికి ఈ చికిత్స తగునో కాదో తేలకముందే సుదీర్ఘమైన ఒప్పందంలోకి దిగకుండా అది కాపాడుతుంది. బాకీ పెద్ద మొత్తంగా పేరుకోనివ్వకుండా నెలకోసారి లాంటి చిన్న గడువుల్లో తీసుకోవాలన్నది రెండోది. లైంగిక విషయాల్లో ఎంత ముసుగు వేసుకుంటారో డబ్బు దగ్గరా జనం అంతే ముసుగు వేసుకుంటారు కాబట్టి, వైద్యుడే ముందుగా మామూలు గొంతుతో ఆ ప్రస్తావన తేవాలని ఆయన వాదం. నూరేళ్లు దాటినా ఈ సలహా పాతబడలేదు. ఫీజు అడగడానికి మొహమాటపడే థెరపిస్టు, ఎంతో అడగడానికి మొహమాటపడే మనిషి ఎదురెదురుగా కూర్చుంటే ఆ గదిలో ఇంకేదీ సూటిగా మాట్లాడుకోలేరు.

ఉచిత చికిత్స మీద ఫ్రాయిడ్ అభిప్రాయం మాత్రం నిలకడగా లేదు. పదేళ్లపాటు రోజుకో గంట, ఒక్కోసారి రెండు గంటలు ఉచితంగా ఇచ్చానని, ఆశించిన మేలు కనిపించలేదని 1913లో రాశాడు. డబ్బు లేని సంబంధంలో కొందరికి కృతజ్ఞతా భారం, లోపలి ప్రతిఘటన పెరిగాయన్నాడు. అదే మనిషి 1918లో బుడాపెస్ట్ సభలో నిలబడి, పేదవాడికి శస్త్రచికిత్స మీద ఎంత హక్కుందో మనసు చికిత్స మీదా అంతే హక్కుందని, సమాజం ఎప్పటికైనా మేలుకుని ఉచిత కేంద్రాలు పెట్టక తప్పదని మాట్లాడాడు. 1920లో ఆయన అనుచరులు మాక్స్ ఐటింగాన్, ఎర్నస్ట్ జిమ్మెల్ తదితరులు బెర్లిన్‌లో అలాంటి పాలీక్లినిక్ తెరిచారు. 1922లో వియన్నాలోనూ అలాంటిదే మొదలైంది. రష్యా విప్లవంలో ఆస్తి మొత్తం పోగొట్టుకుని తిరిగొచ్చిన తన పాత రోగి సెర్గెయ్ పంకేయెవ్‌ను ఫ్రాయిడ్ పైసా తీసుకోకుండా చూశాడు, పైగా కొన్నేళ్లపాటు అతని కోసం చందాలు పోగుచేశాడు. నియమం రాసిన చేతులే దాన్ని అవసరమైన చోట పక్కన పెట్టాయి. తగ్గింపు ఫీజు గురించి ఆలోచించే ప్రతి థెరపిస్టూ ఈ సంగతి తెలుసుకోవాలి.

రాని సెషన్‌కు డబ్బు తీసుకోవడాన్ని అందరూ ఒప్పుకోలేదు. జర్మనీ నుంచి అమెరికా చేరిన మనోవైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ 1950లో వెలువడిన తన పుస్తకంలో దీన్ని ప్రశ్నించింది. చేయని పనికి డబ్బు తీసుకోకపోవడం లోకంలో ఉన్న మర్యాద, మనోవైద్యులకు అందులో మినహాయింపు ఎందుకుండాలన్నది ఆమె వాదన. ఆ వాదం ఇంకా తెగలేదు. నేటి క్లినిక్‌లు చాలావరకు ఈ రెండింటికీ మధ్య దారిలో నడుస్తున్నాయి.

మన దేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. 1940లో అక్కడే లుంబినీ పార్క్ ఆసుపత్రి వెలిసింది. క్లినికల్ సైకాలజిస్టుల శిక్షణకు బెంగళూరులో 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఆధారమైంది. 1974లో అదే నిమ్హాన్స్ అయింది. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లో రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో కలుపుకున్నాడు. వియన్నా గదిలో రోగి ఒక్కడే ఉంటాడు, మన గదిలోకి కుటుంబం కూడా వస్తుంది. ఇక్కడ ఒప్పందం రాసుకునేటప్పుడు ఎదురయ్యే చిక్కులన్నీ ఈ తేడాలోంచి పుట్టేవే.

ఎవరి దగ్గరికి వెళ్తున్నాం

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు. మందులు రాసే అర్హత ఈయనది. పని ఒత్తిడిలో వారం వారం ముప్పావు గంట కూర్చుని థెరపీ చేసేవారు వీరిలో తక్కువ. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్వచించింది. సైకాలజీలో పీజీ తర్వాత పర్యవేక్షణలో రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్, దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండటం ఆ నిర్వచనం చెప్పే ఒక మార్గం. 1992 చట్టం కింద నడిచే ఆ కౌన్సిల్ దగ్గర రిజిస్టరు ఉంటుంది. పేరు, నమోదు సంఖ్య ఇస్తే ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు.

కౌన్సెలర్ అన్న బోర్డు విషయంలో పరిస్థితి ఇంత గట్టిగా లేదు. ఆ పేరుతో గది తెరవడానికి చాలాకాలం ఏ లైసెన్సూ అక్కర్లేకపోయింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం క్లినికల్ సైకాలజిస్టులు కాని సైకాలజిస్టులను, కౌన్సెలర్లను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను తన జాబితాలో చేర్చింది. రాష్ట్ర మండళ్ల ద్వారా వారి నమోదు జరగాలన్నది దాని ఉద్దేశం. మంచి శిక్షణ, నిండు నిజాయితీ ఉన్న కౌన్సెలర్లు మనకు ఉన్నారు. నాలుగు వారాంతాల సర్టిఫికెట్‌తో బోర్డు కట్టినవారూ ఉన్నారు. ఏం చదివారు, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో చేశారు, నాలాంటి సమస్యలు చూశారా అని అడగడం అమర్యాద కాదు. అడిగినందుకు చిన్నబుచ్చుకునేవారి దగ్గర ఆగిపోవడం మేలు.

మొదటి ఫోను, మొదటి సెషన్

మొదటి ఫోను చాలాసార్లు బాధ ఉన్న మనిషి చేయరు. అమ్మ చేస్తుంది, అన్నయ్య చేస్తాడు, భార్య చేస్తుంది. "మా అబ్బాయి మాట వినడం లేదండీ, మీరు కాస్త చెప్పాలి" అని మొదలవుతుంది. పెద్దవయసు వచ్చిన మనిషి విషయంలో చక్కని పద్ధతి ఏమిటంటే, అపాయింట్‌మెంటు ఆ మనిషే స్వయంగా తీసుకోవాలని మెల్లగా చెప్పడం. ఫోన్లోనే మొదటి సెషన్ ఫీజు, ఎంతసేపు, చిరునామా, ఎవరు రావాలన్నది చెప్పేయాలి. వచ్చాక ఫీజు విని అదిరిపడే పరిస్థితి రానివ్వకూడదు. అంత దూరం వచ్చిన కుటుంబం ఆ మాట విన్నాక వెనక్కి తిరగలేదు. కాదనలేని చోట పెట్టి ఒప్పించడాన్ని ఒప్పందం అనలేం.

సెషన్ నిడివి సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు. మొదటిది కొంచెం ఎక్కువసేపు నడవవచ్చు, దానికి వేరే ఫీజు ఉండవచ్చు. మొదటి రెండు మూడు సెషన్లు పరిచయానికి, అంచనాకు. ఏం బాధ, ఎప్పటి నుంచి, నిద్ర, ఆకలి, మద్యం, ఇంతకు ముందు వాడిన మందులు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా అన్నవి అడుగుతారు. థైరాయిడ్ లాంటి శరీర కారణాలు ఉన్నాయేమో చూడటానికి డాక్టరు దగ్గరికి పంపవచ్చు. ఆ తర్వాతే ఏ పద్ధతి, ఎన్నాళ్లు అన్న మాట వస్తుంది. ఈ దశ దాటకుండానే పది సెషన్ల ప్యాకేజీ డబ్బు ముందుగా కట్టించుకోవడం మన నగరాల్లో కనిపిస్తుంది. అది తప్పుడు పద్ధతి. జబ్బేమిటో తేలకుండా మోతాదు అమ్మినట్టు అవుతుంది.

అంగీకార పత్రం రాతలో ఉండటం మంచిది, అదీ తెలుగులో. ఇంగ్లీషులో నాలుగు పేజీలు ఇచ్చి సంతకం చేయమంటే చదివేవారు తక్కువ. ఒక పేజీలో తేట తెలుగులో రాసి, థెరపిస్టే పైకి చదివి వినిపించి, ప్రశ్నలకు జవాబులు చెబితే అది నిజమైన అంగీకారం. చదువురాని మనిషికి కూడా ఈ హక్కు పూర్తిగా ఉంది.

వీడియోలో చికిత్స కోవిడ్ కాలంలో ఊపందుకుంది. కేంద్రం 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆన్‌లైన్ సెషన్‌కు కొన్ని అదనపు నియమాలు కావాలి. నెట్ తెగిపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, పోయిన సమయాన్ని ఎలా సర్దుతారు, ప్రమాదం అనిపిస్తే దగ్గర్లో ఎవరికి కబురు చేయాలి, ఆ రోజు ఏ ఊళ్లో ఉన్నారు అన్నవి ముందే రాసుకోవాలి. మన ఇళ్లలో తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడే గది అందరికీ ఉండదు. ఆపి ఉంచిన కారులో, డాబా మీద, ఆఫీసు మెట్ల దగ్గర కూర్చుని మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఎక్కడ కూర్చుంటే ధైర్యంగా మాట్లాడగలరో మొదటి సెషన్‌లోనే వెతుక్కోవాలి.

ఫీజు

మన దేశంలో సైకోథెరపీ ఫీజుకు ప్రభుత్వ పరిమితి లేదు. నగరం, చదువు, అనుభవం, గది అద్దె, మధ్యలో ఉన్న యాప్ లేదా ఆసుపత్రి వాటా దాన్ని నిర్ణయిస్తాయి. రోగికి కావలసింది ఒక సెషన్ ధర ఒక్కటే కాదు, మొత్తం ఎంతవుతుందన్న అంచనా. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు ఖరారు చేసే నైస్ సంస్థ 2022లో డిప్రెషన్‌కు ఇచ్చిన సూచనల ప్రకారం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిలో తేలిక స్థాయికి సాధారణంగా 8 సెషన్లు, తీవ్రమైనదానికి 16. ఉదాహరణకు సెషన్‌కు ₹1,500 అనుకుంటే 16 సెషన్లకు ₹24,000. వారానికొకటి చొప్పున నెలకు ₹6,000. ఖమ్మం నుంచో నాగర్‌కర్నూల్ నుంచో హైదరాబాదు వచ్చేవారికి బస్సు చార్జీలు, పోయిన ఒక రోజు కూలి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఈ లెక్క మొదటి రోజే కాగితం మీద వేసి చూపిస్తే, ఐదో సెషన్‌లో డబ్బయిపోయి సగంలో ఆగిపోవడం తప్పుతుంది. నెలకు రెండుసార్లే రాగలిగితే దానికి తగ్గట్టు ప్రణాళిక మార్చుకోవచ్చు.

డాక్టర్లకు వర్తించే 2002 వైద్య నీతి నియమావళి ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఫీజు వివరాలు గదిలో బోర్డు మీద కనిపించాలి. చికిత్స మొదలవకముందే ఫీజు చెప్పాలి, మధ్యలో కాదు. నయం కాకపోతే డబ్బు వద్దన్న ఒప్పందం చేసుకోకూడదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. ఇవి సైకియాట్రిస్టులను బంధించే నియమాలే అయినా, సైకాలజిస్టులు, కౌన్సెలర్లు కూడా వీటినే కొలబద్దగా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. గ్యారంటీ ఇచ్చేవారిని నమ్మకూడదనడానికి ఇంతకన్నా మంచి ఆధారం అక్కర్లేదు.

రద్దు నియమం దగ్గరే ఎక్కువ గొడవలొస్తాయి. 24 గంటల ముందు చెబితే ఫీజు లేదు, ఆ తర్వాత చెబితే సగమో మొత్తమో కట్టాలన్నది చాలాచోట్ల ఉన్న పద్ధతి. థెరపిస్టు రోజుకు చూడగలిగేది కొద్దిమందినే. ఖాళీగా పోయిన ఆ గంటను అప్పటికప్పుడు మరొకరికి ఇవ్వలేరు. అందుకే ఈ నియమం న్యాయమైనదే. అయితే జ్వరం, చావు కబురు, వరదలో ఆగిపోయిన బస్సు లాంటివాటికి మినహాయింపు ఉండాలి, అదీ ముందే రాసి ఉండాలి. డిప్రెషన్‌లో ఉన్న మనిషి మంచం మీద నుంచి లేవలేకపోవడం జబ్బు లక్షణం. దానికి జరిమానా వేసి వదిలేస్తే ఆ మనిషి మళ్లీ రాడు. ఇలాంటప్పుడు ఫోన్లో ఇరవై నిమిషాలైనా మాట్లాడే ఏర్పాటు పెట్టుకున్న క్లినిక్‌లు తెలివైన పని చేస్తున్నాయి. నియమం రెండు వైపులా నడవాలి. థెరపిస్టు చివరి నిమిషంలో రద్దు చేస్తే తర్వాతి సెషన్‌లో ఏదైనా సర్దుబాటు చూపాలి.

మిగతా సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. సెషన్ల మధ్య వాట్సాప్ సందేశాలకు జవాబిస్తారా, ఎప్పటిలోగా ఇస్తారో తెలియాలి. సెలవు కోసం సర్టిఫికెట్, కోర్టుకు నివేదిక కావాలంటే ఇస్తారా, ఎంతవుతుందో తెలియాలి. విడాకుల కేసు నడుస్తున్నవారికి ఇది ముఖ్యం. చికిత్స చేసే మనిషినే సాక్షిగా పిలిపిస్తే చికిత్స దెబ్బతింటుంది. ఫీజు పెంచాలంటే నెల రెండు నెలల ముందు చెప్పాలి. రసీదు అడగకుండానే ఇవ్వాలి.

డబ్బు కట్టే దారి కూడా గోప్యతలో భాగమే. ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపితే క్లినిక్ పేరు చరిత్రలో నిలిచిపోతుంది. బ్యాంకు మెసేజ్ భర్త ఫోనుకు వెళ్లే ఇళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. నగదు కట్టే వీలు, మానసిక ఆరోగ్యం అన్న మాట లేని పేరుతో యూపీఐ ఖాతా ఉంటే కొందరు ఆడవాళ్లకు అదే రక్షణ. మామిడిపళ్ల బుట్ట, పెళ్లి శుభలేఖ లాంటివి చిన్న ఊళ్లలో తప్పకుండా వస్తాయి. ఫీజుకు బదులుగా మాత్రం ఏ వస్తువూ తీసుకోకూడదు. ప్రేమతో ఇచ్చిన పండు దగ్గర ఏం చేయాలన్నది థెరపిస్టు ఆ మనిషితోనే మాట్లాడి తేల్చుకోవాలి.

డబ్బు ఒకరిది, మాట ఇంకొకరిది

మన దగ్గర అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి థెరపీకి నాన్న డబ్బు కడతాడు. నాలుగు వారాలయ్యాక ఫోన్ చేసి "మేడమ్, మా అమ్మాయి ఏమంటోందండీ? ప్రేమ వ్యవహారం ఏమైనా ఉందా?" అని అడుగుతాడు. ఆయన అడగడంలో ఆత్రం ఉంది, భయం ఉంది, చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ జవాబు చెప్పిన మరుక్షణం ఆ అమ్మాయికి చికిత్స ముగిసిపోయినట్టే. 2017 చట్టంలోని సెక్షన్ 23 చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది. ఇతరులకు హాని, ప్రాణాపాయం, న్యాయస్థానం ఆదేశం లాంటి సందర్భాలకే మినహాయింపులున్నాయి. ఫీజు కట్టడం ఆ మినహాయింపుల్లో లేదు.

దీన్ని మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. "మీరు కడుతున్నది అమ్మాయి మాట్లాడుకునే చోటుకు, అమ్మాయి మాటలకు కాదు. తను వస్తోందా లేదా అన్నంతవరకు మీకు చెప్పగలను. ప్రాణానికి ముప్పనిపిస్తే తప్పకుండా చెబుతాను. ఇంకేదైనా చెప్పాలంటే ముందు తనను అడుగుతాను." ఇలా చెబితే చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారితో ఇంకో గంట మాట్లాడటం ఆ అమ్మాయికి చేసే మొదటి సాయం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి, అక్కడ గీత కొంచెం జరుగుతుంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. ఈ సంగతి కూడా ముందే చెప్పి ఉంచాలి. నమ్మి చెప్పిన తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు.

ఆత్మహత్యా ప్రయత్నం చేశానని చెబితే పోలీసు కేసవుతుందన్న భయం ఇంకా పోలేదు. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం సెక్షన్ 115 చెబుతోంది. మొదటి సెషన్‌లో ఈ ఒక్క మాట వినిపిస్తే నోరు విప్పేవారు ఉన్నారు.

కంపెనీ డబ్బు కట్టే సందర్భాల్లోనూ ఇదే న్యాయం. ఐటీ సంస్థలు ఉద్యోగులకు కొన్ని ఉచిత సెషన్లు ఇస్తుంటాయి. ఎన్ని సెషన్లు, అవి అయిపోయాక అదే థెరపిస్టు దగ్గర సొంత డబ్బుతో కొనసాగవచ్చా, హెచ్‌ఆర్ విభాగానికి పేరు వెళ్తుందా అంకెలే వెళ్తాయా అన్నది మొదలుపెట్టకముందే అడగాలి.

బీమా

శరీర వ్యాధులకు ఇచ్చినట్టే మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం సెక్షన్ 21(4)లో ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టులో దీన్ని పాటించమని కంపెనీలను ఆదేశించింది. 2021లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో కంపెనీ నిరాకరణను తప్పుబట్టి క్లెయిము చెల్లించమంది. 2022 అక్టోబరు 31 నాటికి అన్ని పాలసీలూ ఈ నియమానికి లోబడాలని నియంత్రణ సంస్థ మరోసారి గడువు పెట్టింది.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా సైకోథెరపీ బిల్లు చాలావరకు జేబులోంచే పోతుంది. మన ఆరోగ్య బీమా పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనిచేస్తాయి. థెరపీకి ఎవరూ ఆసుపత్రిలో చేరరు, వారానికో గంట వచ్చి వెళ్తారు. పాలసీలో ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే సదుపాయం ఉందా, అందులో సైకాలజిస్టు సెషన్లు వస్తాయా లేక సైకియాట్రిస్టు సంప్రదింపులే వస్తాయా, ఏడాదికి పరిమితి ఎంత, ఎవరి నమోదు సంఖ్య ఉన్న రసీదు కావాలన్నది కంపెనీకి మెయిలు రాసి, జవాబు రాతలో తెప్పించుకోవాలి. క్లెయిము పెడితే జబ్బు పేరు కంపెనీ దస్త్రాల్లోకి వెళ్తుందన్నది కూడా ఆలోచించుకోవాలి. దాచి కొత్త పాలసీ తీసుకోవడం మాత్రం ఎప్పుడూ మంచిది కాదు. తర్వాత పెద్ద క్లెయిము పోతుంది.

స్తోమత లేనప్పుడు

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సర్వసాధారణమైన మానసిక రుగ్మతలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. డబ్బు దీనికి ఒక కారణం, చాలా పెద్ద కారణం. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే థెరపిస్టులు ఉన్నారు. వారంలో రెండు మూడు గంటలు తక్కువ ఫీజుకు కేటాయించేవారూ ఉన్నారు. తగ్గింపు ఇస్తే ఎంతకాలానికి, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందాం అన్నది కూడా చెప్పాలి. అప్పుడు తీసుకునేవారికి దయ మీద బతుకుతున్నామన్న ఇబ్బంది ఉండదు. శిక్షణలో ఉన్న సైకాలజిస్టులు పర్యవేక్షణలో చేసే సెషన్లు చవక, వాటి నాణ్యత చాలాసార్లు బాగుంటుంది.

హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లను తిట్లుగా వాడే అలవాటు ఎందరినో ఆ గుమ్మం ఎక్కకుండా చేసింది, ఆ మాటలు ఇకనైనా మానాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ సేవలున్నాయి. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలి-మానస్ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రైవేటు థెరపిస్టు అర్ధరాత్రి అందుబాటులో ఉండరు కాబట్టి, ఈ నంబరు ప్రతి అంగీకార పత్రంలోనూ ఉండాలి.

ఇతర దేశాల్లో

జర్మనీ 1999లో సైకోథెరపిస్టుల వృత్తికి చట్టం చేసి, ప్రజా ఆరోగ్య బీమాలో వారికి చోటిచ్చింది. అసలు చికిత్స మంజూరయ్యే ముందు పరీక్షా సెషన్లు ఉంటాయి. ఫ్రాయిడ్ చెప్పిన పరీక్షా కాలం అక్కడ బీమా నియమంగా మారింది. బ్రిటన్‌లో 2008లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం ద్వారా ఇంగ్లండులో ఉచితంగా సెషన్లు దొరుకుతాయి, డాక్టరు చీటీ లేకుండా నేరుగా నమోదు చేసుకోవచ్చు. నిరీక్షణ భరించలేనివారు ప్రైవేటుకు వెళ్తారు. ఆస్ట్రేలియాలో డాక్టరు ప్రణాళిక రాసిస్తే ఏడాదికి 10 సెషన్ల దాకా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కొంత డబ్బు తిరిగిస్తుంది. మిగతాది రోగిదే.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ లెక్కలు బాగా చిక్కుగా ఉంటాయి. థెరపిస్టు మన బీమా నెట్‌వర్క్‌లో ఉంటే కోపే అనే రోగి వాటా కడితే చాలాసార్లు సరిపోతుంది. లేకపోతే మొత్తం కట్టి, సూపర్‌బిల్ అనే వివరమైన రసీదు తీసుకుని బీమా కంపెనీకి పంపి కొంత రాబట్టుకోవాలి. దాని మీద జబ్బు కోడ్, సెషన్ కోడ్ ఉంటాయి. 2022 జనవరి 1 నుంచి, బీమా లేనివారికి, సొంతంగా కట్టేవారికి ఖర్చు అంచనా ముందే రాతలో ఇవ్వాలని చట్టం వచ్చింది. బిల్లు ఆ అంచనా కన్నా 400 డాలర్లు లేదా అంతకు మించి పెరిగితే ఫిర్యాదు చేయవచ్చు. మన దగ్గరా తేవలసిన చట్టమిది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ తెలుగులో మాట్లాడాలని హైదరాబాదు థెరపిస్టును వీడియోలో కలిసేవారు చాలామంది ఉన్నారు. అత్తగారితో మాట పట్టింపునూ, నాన్న మౌనాన్నీ ఇంకో భాషలో చెప్పుకోలేరు, అది న్యాయమైన కోరిక. అయితే అమెరికాలో లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది, సెషన్ సమయంలో రోగి ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది లెక్కలోకి వస్తుంది. భారతీయ థెరపిస్టుకు ఆ లైసెన్సు ఉండదు, అక్కడి బీమా ఈ ఖర్చు ఇవ్వదు, ప్రాణాపాయంలో ఇక్కడి నుంచి అక్కడి అంబులెన్సును పంపలేరు. కాబట్టి ఇలా మొదలుపెట్టేవారు తమ రాష్ట్రంలో ఒక డాక్టరు పేరు, దగ్గరి మనిషి ఫోను నంబరు థెరపిస్టుకు ఇచ్చి ఉంచాలి. అక్కడి సంక్షోభ సహాయ నంబరు 988 కూడా దగ్గర పెట్టుకోవాలి.

ఆపేటప్పుడు

చికిత్సను ఎప్పుడైనా ఆపే హక్కు రోగిది. ఫోన్ ఎత్తకుండా మాయమైపోవడం కన్నా ఒక చివరి సెషన్ పెట్టుకుంటే మేలు, నేర్చుకున్నవి గుర్తు చేసుకోవడానికి, మళ్లీ బాధ తిరగబెడితే ఏం చేయాలో రాసుకోవడానికి అది పనికొస్తుంది. ఆ సెషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. ముందుగా కట్టిన సెషన్లు మిగిలి ఉంటే ఆ డబ్బు తిరిగివ్వాలి. బాకీ ఉంటే వాయిదాల్లో తీర్చే వీలివ్వాలి. బాకీ ఉందని రికార్డులు పట్టి ఉంచకూడదు, తన వైద్య రికార్డులు పొందే హక్కు 2017 చట్టం సెక్షన్ 25 ఇచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అందుకే రసీదులు, అంగీకార పత్రం, ఫీజు గురించిన సందేశాలు రోగి దగ్గర భద్రంగా ఉండాలి. థెరపిస్టే ఊరు మారుతున్నా, సెలవు మీద వెళ్తున్నా వీలైనంత ముందుగా చెప్పి, ఇంకొకరి పేరు ఇచ్చి, రోగి ఒప్పుకుంటే కేసు వివరాలు అందించాలి.